వాకీటాకీ: వాడకం, ఛార్జింగ్, లోపాల సవరణ

వాకీటాకీ అంటే చేతిలో పట్టుకుని మాట్లాడే రేడియో సెట్. పంపడానికీ వినడానికీ ఒకటే పెట్టె, ఒకటే యాంటెన్నా. పోలీసులు, రైల్వే సిబ్బంది, అటవీ శాఖ వాళ్లు, ఓడరేవుల్లోనూ కట్టడాల దగ్గరా పనిచేసేవాళ్లు, పెద్ద జాతరలు నడిపేవాళ్లు దీన్ని రోజూ వాడతారు. వాళ్ల నోట ఇది ఉత్త ‘సెట్’. సెల్‌ఫోన్‌లో మాట్లాడాలంటే టవరు ఉండాలి, నంబరు కొట్టాలి, అవతలివాళ్లు ఫోను ఎత్తాలి. సెట్‌కు ఇవేవీ అక్కర్లేదు. మీట నొక్కి మాట్లాడితే ఆ ఛానెల్‌లో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి వినబడుతుంది. మీట వదిలితేనే ఎదుటివాళ్ల మాట మనకు వినబడుతుంది. ఒకరు మాట్లాడుతున్నంతసేపు మిగతావాళ్లు వినాల్సిందే.

‘సెట్ పనిచేయడం లేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావరకు మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట తేలిపోతాయి. మొదటిది కరెంటు: బ్యాటరీ, ఛార్జర్, వాటి కాంటాక్టులు. రెండోది పొందిక: మాట్లాడుకునే సెట్లన్నిటిలో ఛానెలూ టోనూ ఒకటిగా ఉండడం. మూడోది దారి: యాంటెన్నా, దూరం, మధ్యలో అడ్డాలు. ఈ మూడూ చూశాకే లోపలి సర్క్యూట్‌ను అనుమానించాలి.

చరిత్ర

కెనడాలో డొనాల్డ్ హింగ్స్ 1937లో ఒక గనుల కంపెనీ కోసం, మారుమూల ప్రాంతాలకు తిరిగే విమానాల సిబ్బందికి పనికొచ్చేలా, మోసుకెళ్లగల రేడియో తయారుచేశాడు. అదే కాలంలో అమెరికాలో ఆల్ గ్రాస్ కూడా చేతి రేడియోల మీద పనిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంతో ఇవి పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. తర్వాత మోటొరోలాగా పేరు మార్చుకున్న గాల్విన్ కంపెనీ ఎస్‌సీఆర్-536 అనే సెట్‌ను అమెరికా సైన్యానికి అందించింది. బ్యాటరీలతో కలిపి దాని బరువు సుమారు రెండుంపావు కిలోలు. లోపల అయిదు వాల్వులు ఉండేవి. 3.5 నుంచి 6 మెగాహెర్ట్జ్ మధ్య, ఏ.ఎం. పద్ధతిలో, నేల మీద సుమారు ఒక మైలు దూరం మాట అందించేది. దానికి ఆన్ స్విచ్ విడిగా లేదు. యాంటెన్నా బయటికి లాగితే సెట్ ఆన్ అయ్యేది, లోపలికి తోస్తే ఆగిపోయేది.

అదే కంపెనీ 1943లో ఎస్‌సీఆర్-300 అనే వీపు సెట్‌ను తెచ్చింది. ఇది 40 నుంచి 48 మెగాహెర్ట్జ్ మధ్య ఎఫ్.ఎం. పద్ధతిలో పనిచేసేది. డేనియల్ నోబుల్, పోలండ్ నుంచి వచ్చిన ఇంజనీరు హెన్రిక్ మాగ్నుస్కీ దీని రూపకల్పనలో ముఖ్యులు. గరగరను తట్టుకునే గుణం ఉండడంతో మాటల రేడియోలు ఆ తర్వాత ఎఫ్.ఎం. వైపే నడిచాయి. వాల్వుల స్థానంలోకి ట్రాన్సిస్టర్లు వచ్చాక సెట్ నిజంగా చేతిలో ఇమిడింది. 1962లో వచ్చిన మోటొరోలా హెచ్‌టీ-200 బరువు కిలోకు లోపే. వాల్వుల కాలంలో వాడి పారేసే బ్యాటరీల స్థానాన్ని క్రమంగా మళ్లీ ఛార్జి చేసుకునే బ్యాటరీలు ఆక్రమించాయి. సెట్‌తోపాటు ఛార్జర్‌ను కూడా కనిపెట్టుకోవాల్సిన అవసరం అప్పుడే వచ్చింది.

సెట్‌లోని భాగాలు

పైభాగాన యాంటెన్నా, దాని పక్కన ఆన్-ఆఫ్, వాల్యూమ్ రెండూ ఒకటేగా ఉన్న నాబ్. చాలా సెట్లలో ఛానెల్ మార్చే నాబ్ కూడా అక్కడే ఉంటుంది. ఎడమ పక్కన పెద్ద మీట ఉంటుంది. దాన్ని పీటీటీ అంటారు. నొక్కితే సెట్ పంపుతుంది, వదిలితే వింటుంది. పైనున్న చిన్న లైటు పంపేటప్పుడు ఎర్రగానూ, సిగ్నల్ అందుతున్నప్పుడు పచ్చగానూ వెలగడం చాలా కంపెనీల సెట్లలో మామూలు. సెట్‌లో లోపం వెతికేటప్పుడు మొదట చూడాల్సింది ఈ లైటునే. మైకు ముందుభాగంలో సూది మొన అంత రంధ్రం వెనక ఉంటుంది. బ్యాటరీ వెనకవైపు అతుక్కుంటుంది, దాని కింది భాగంలో ఛార్జర్‌ను తాకే లోహపు బిళ్లలు కనబడతాయి. ఇయర్‌ఫోన్, విడి మైకు గుచ్చే చోట రబ్బరు మూత ఉంటుంది.

పనిచేసే తీరును బట్టి సెట్లు రెండు రకాలు. ఛానెళ్లు ముందే నింపి ఇచ్చే సెట్లలో వాడేవాడికి నాబ్ తిప్పడం తప్ప పని ఉండదు. 16 ఛానెళ్లున్న బీఎఫ్-888ఎస్ ఈ రకం. తెరా అంకెల మీటలూ ఉండి ఫ్రీక్వెన్సీని చేత్తో కొట్టుకునే సెట్లు రెండో రకం. 2012లో వచ్చిన బావోఫెంగ్ యూవీ-5ఆర్ వీటిలో బాగా తెలిసినది. మొదటి రకంలో గందరగోళం తక్కువ. రెండో రకంలో ఏ మీట తగిలినా ఏదో ఒక సర్దుబాటు మారిపోతుంది కాబట్టి మీటలకు తాళం వేసి వాడడం మేలు. యూవీ-5ఆర్‌లో హ్యాష్ మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే తాళం పడుతుంది, మళ్లీ అలాగే పట్టుకుంటే తెరుచుకుంటుంది.

ఎంత దూరం అందుతుంది

డబ్బా మీద అచ్చువేసిన కిలోమీటర్లను నమ్మి సెట్లు కొన్నవాళ్లు నిరాశపడతారు. ఈ ఫ్రీక్వెన్సీల్లో రేడియో తరంగం దాదాపు చూపు సాగినంత దూరమే సాగుతుంది. అందువల్ల దూరాన్ని తేల్చేది ముఖ్యంగా ఎత్తు. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చవేస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. నేల మీద నిలబడినవాడి చేతిలో సెట్ ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటే, అతని దిగంతం సుమారు 5 కిలోమీటర్లు. అదే ఎత్తులో ఇద్దరుంటే, మధ్యలో ఏ అడ్డూ లేని చదును నేల మీద కూడా హద్దు 10 కిలోమీటర్ల దగ్గరే. ఒకరు 100 మీటర్ల గుట్ట ఎక్కితే ఆ హద్దు 46 కిలోమీటర్లకు పెరుగుతుంది. ఇళ్లూ మేడలూ ఉన్న ఊళ్లో అదే సెట్ ఒకటి రెండు కిలోమీటర్లకు మించి అందకపోవడం సహజం.

వాట్లు పెంచితే దూరం అంతగా పెరగదు. 1 వాటు నుంచి 4 వాట్లకు వెళ్తే, శూన్యంలోనైతే దూరం రెట్టింపవుతుంది. గోడలూ చెట్లూ ఉన్న నేల మీద పెరిగేది అందులో కొంత మాత్రమే. బ్యాటరీ మాత్రం గబగబా ఖర్చవుతుంది. ‘సిగ్నల్ అందడం లేదు’ అనుకున్నప్పుడు పవర్ పెంచేకన్నా కిటికీ దగ్గరికో మేడ మీదికో వెళ్లడం, సెట్‌ను నిటారుగా పట్టుకోవడం ఎక్కువ ఫలితమిస్తాయి. నడుముకు తగిలించిన సెట్ యాంటెన్నా ఒంటికి ఆనుకుని ఉంటుంది కాబట్టి మాట బలహీనపడుతుంది.

చేతి సెట్లు వాడే బ్యాండ్లు ముఖ్యంగా రెండు. 136–174 మెగాహెర్ట్జ్ ప్రాంతాన్ని వీహెచ్ఎఫ్ అనీ, 400 నుంచి 470 దాకా ఉన్న ప్రాంతాన్ని యూహెచ్ఎఫ్ అనీ వ్యవహరిస్తారు. బయలు, అడవి, సముద్రం వంటి చోట్ల వీహెచ్ఎఫ్ బాగా నడుస్తుంది. కట్టడాల లోపల, తలుపులూ కిటికీల సందుల్లోంచి దూరగల యూహెచ్ఎఫ్ మేలు. 150 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2 మీటర్లు, అందులో నాలుగో వంతు యాంటెన్నా అంటే అరమీటరు. అంత పొడుగు కడ్డీ చేతి సెట్‌కు కుదరదు కాబట్టి తీగను స్ప్రింగులా చుట్టి రబ్బరు తొడిగి పొట్టి యాంటెన్నా చేస్తారు. దానివల్ల కొంత శక్తి నష్టమవుతుంది. ఒక బ్యాండు యాంటెన్నాను మరో బ్యాండు సెట్‌కు బిగిస్తే మర సరిపోతుంది గాని దూరం పడిపోతుంది. పెట్టెలో కలిసిపోయిన యాంటెన్నాల వల్ల వచ్చే తికమక ఇది. వాటికి రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకోవడం మంచిది.

ఎత్తైన చోట రిపీటర్ పెట్టి కూడా దూరం పెంచుతారు. అది ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో ఎక్కువ శక్తితో తిరిగి పంపుతుంది. రిపీటర్‌తో మాట్లాడే సెట్‌లో వినే ఫ్రీక్వెన్సీ, పంపే ఫ్రీక్వెన్సీ వేర్వేరుగా నింపాలి.

ఛానెల్, టోన్, స్క్వెల్చ్

రెండు సెట్లు మాట్లాడుకోవాలంటే వాటి ఫ్రీక్వెన్సీ ఒకటి కావాలి. ఛానెల్ నంబరు ఒకటైతే చాలదు. ఒక కంపెనీ సెట్‌లో 3వ ఛానెల్‌కూ మరో కంపెనీ సెట్‌లో 3వ ఛానెల్‌కూ సంబంధం ఉండనక్కర్లేదు.

ఫ్రీక్వెన్సీ కలిశాక టోన్ కూడా కలవాలి. మాటతోపాటు 67 నుంచి 254.1 హెర్ట్జ్ మధ్య ఒక మంద్రమైన స్వరాన్ని సెట్ పంపుతుంది. స్పీకరు దాన్ని వినిపించదు. వినే సెట్ ఆ స్వరం ఉంటేనే స్పీకరు తెరుస్తుంది. అంకెల రూపంలో ఇదే పనిచేసే మరో పద్ధతిని డీసీఎస్ అంటారు. ఒకే ఫ్రీక్వెన్సీ వాడే పక్క గుంపు మాటలు మన చెవిన పడకుండా ఇది అడ్డుకుంటుంది. అయితే టోన్ పెట్టుకుంటే మన మాటలు రహస్యం అవుతాయనుకోవడం పొరపాటు. టోన్ లేకుండా వినే ఏ సెట్‌కైనా మన మాట వినబడుతూనే ఉంటుంది.

ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే గరగరను నొక్కిపెట్టేది స్క్వెల్చ్. యూవీ-5ఆర్‌లో ఇది మెనూలో మొదటి అంశం, 0 నుంచి 9 దాకా ఉంటుంది. 0 పెడితే గరగర ఆగదు. బాగా పెంచితే దూరపు బలహీనమైన మాటలు కూడా తెగిపోతాయి. పీటీటీ కింద ఉన్న మానిటర్ మీటను నొక్కి పట్టుకుంటే స్క్వెల్చ్ తెరుచుకుని వచ్చేదంతా వినబడుతుంది. అందేది బలహీనమైన మాటా, లేక అసలేమీ రావడం లేదా అన్నది ఈ మీటతో తేలుతుంది.

మాట్లాడే పద్ధతి

మీట నొక్కిన వెంటనే మాట్లాడకూడదు. సెట్ పంపే స్థితికి రావడానికి, అవతలి సెట్ టోన్ గుర్తుపట్టి స్పీకరు తెరవడానికి, మధ్యలో రిపీటర్ ఉంటే అది లేవడానికి కొంత సమయం పడుతుంది. అర సెకను ఆగి మొదలుపెట్టాలి, మాట పూర్తయ్యాక ఒక క్షణం ఆగి వదలాలి. తెలుగులో మాట్లాడేవాళ్లకు ఇది మరీ అవసరం. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఔనో కాదో తేలేది అక్కడే. ‘రెండో గేటు దగ్గరికి లారీ పంపొద్దు’ అన్న మాటకు మొదలూ చివరా తెగితే, అవతల చెవిన పడేది ‘గేటు దగ్గరికి లారీ పం...’ అన్నంతవరకే. ఏ గేటో తెలియదు, పంపాలో వద్దో తెలియదు.

మైకును నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో, కాస్త పక్కకు పెట్టి మామూలు గొంతుతో మాట్లాడాలి. అరిస్తే మాట చిట్లుతుంది తప్ప దూరం వెళ్లదు. ముందు పిలవాల్సినవారి పేరు, తర్వాత మన పేరు చెప్పి, వాళ్లు బదులిచ్చాకే విషయంలోకి దిగాలి. మాట ముగిసిందని చెప్పడానికి ‘ఓవర్’, అందిందని చెప్పడానికి ‘రోజర్’ లేదా ‘కాపీ’ అనడం తెలుగువాళ్ల నోళ్లలోనూ స్థిరపడింది. అంకెలను విడివిడిగా చెప్పడం మేలు. గరగరలో మూడూ ఏడూ ఒకలాగే వినబడతాయి కాబట్టి ముఖ్యమైన అంకెను రెండుసార్లు చెప్పాలి, విన్నవారు తిరిగి చదివి వినిపించాలి. అక్షరాలకు ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే అంతర్జాతీయ వరుస వాడతారు.

బ్యాటరీ

పాత సెట్లలో నికెల్-కాడ్మియం బ్యాటరీలుండేవి. ఒక్కో సెల్ 1.2 వోల్టులు, ఆరు కలిపి 7.2. పూర్తిగా ఖాళీ చేశాకే ఛార్జి పెట్టాలన్న సలహా వాటి కాలానిది. ఇప్పటి సెట్లలో ఎక్కువగా ఉండేవి లిథియం-అయాన్ బ్యాటరీలు. వీటికి ఆ సలహా నష్టమే చేస్తుంది. ఒక్కో లిథియం సెల్ 3.7 వోల్టులు, నిండినప్పుడు 4.2. రెండు సెల్‌లున్న ప్యాక్ మీద 7.4 అని రాసి ఉన్నా, నిండాక మీటరు 8.4 చూపాలి.

ఒక ఛార్జి ఎంతసేపు వస్తుందో లెక్క కట్టవచ్చు. పరిశ్రమలో వాడే కొలత ప్రకారం సెట్ ఆన్‌లో ఉన్న సమయంలో 5 శాతం మాట్లాడడానికి, 5 శాతం వినడానికి, 90 శాతం ఊరికే ఉండడానికి పోతుంది. యూవీ-5ఆర్ మాట్లాడేటప్పుడు సుమారు 1,400, వినేటప్పుడు 380, ఊరికే ఉన్నప్పుడు 75 మిల్లీయాంపియర్ల దాకా తీసుకుంటుంది. సగటున 156 దాకా తేలుతుంది. 1,800 మిల్లీయాంపియర్-గంటల కొత్త బ్యాటరీ ఆ లెక్కన 11 గంటలకు పైగా రావాలి. ఎడతెగకుండా మాట్లాడే పర్యవేక్షకుడి సెట్ మధ్యాహ్నానికే ఆగిపోతే తప్పు బ్యాటరీదే కానక్కర్లేదు.

లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. 45 డిగ్రీలు దాటిన చోట ఛార్జి పెట్టకూడదు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో నీడలోనే అంత వేడి ఉంటుంది, ఎండలో నిలిపిన జీపు డాష్‌బోర్డు మీద ఇంకా ఎక్కువ. రోజుల తరబడి వాడని సెట్ల బ్యాటరీలను సగం ఛార్జితో, సెట్ నుంచి విడదీసి చల్లని చోట దాచాలి. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని అలా వదిలేస్తే లోపలి రక్షణ సర్క్యూట్ తలుపు మూసేస్తుంది, ఛార్జర్‌కు కూడా తెరవదు. 300 నుంచి 500 సార్లు ఛార్జి అయ్యాక శక్తి తగ్గడం మామూలే. బ్యాటరీ కొన్న నెలా సంవత్సరమూ దాని మీదే మార్కర్‌తో రాసిపెట్టుకుంటే ఎప్పుడు మార్చాలో వాదన ఉండదు. ఉబ్బిన బ్యాటరీని నొక్కి సెట్‌లో ఇరికించకూడదు, మళ్లీ ఛార్జి పెట్టకూడదు.

ఛార్జర్

ఛార్జర్ అంటే నిజానికి రెండు వస్తువులు. గోడకు గుచ్చే అడాప్టర్ ఒకటి, సెట్‌ను నిలబెట్టే బేస్ మరొకటి. ఏ బ్యాటరీకి ఎంత కరెంటు ఎప్పుడివ్వాలో నడిపే సర్క్యూట్ బేస్‌లో ఉంటుంది. మొదట నిలకడైన కరెంటు పోస్తుంది, బ్యాటరీ 8.4 వోల్టులకు చేరాక వోల్టేజిని అక్కడే నిలిపి కరెంటును తగ్గిస్తూ పోతుంది. కుళాయి కింద బిందె నిండవచ్చినప్పుడు ధార సన్నం చేసినట్టే ఇది. అందుకే మొదటి సగం త్వరగా ఎక్కుతుంది, చివరి భాగం నెమ్మదిస్తుంది.

లైట్ల భాష కంపెనీని బట్టి మారుతుంది. చాలా మోటొరోలా ఛార్జర్లలో నిలకడైన ఎరుపు అంటే ఛార్జి ఎక్కుతోంది, మెరిసే పచ్చ అంటే 90 శాతం నిండింది, నిలకడైన పచ్చ అంటే పూర్తయింది. మెరిసే ఎరుపు బ్యాటరీనో కాంటాక్టులనో చూడమంటుంది. మెరిసే పసుపు అంటే బ్యాటరీ వేడి తగ్గేదాకానో వోల్టేజి తేరుకునేదాకానో ఆగుతోందని. యూవీ-5ఆర్ బేస్‌కు ఒక విచిత్రం ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు పచ్చ వెలుగుతూ ఎరుపు మెరుస్తుంది, లోపం ఉన్నప్పుడూ అదే చూపుతుంది. అంటే సెట్ పెట్టినా ఆ లైటు మారకపోతే, బేస్‌కు బ్యాటరీ ఉన్నట్టే తెలియలేదని అర్థం. కారణం సాధారణంగా కాంటాక్టుల దగ్గర దొరుకుతుంది.

బేస్‌లోని రాగి స్ప్రింగులు కాలక్రమంలో వంగిపోతాయి, దుమ్ము పడతాయి. కోస్తాలో ఉప్పుగాలికి పచ్చని చిలుము పడుతుంది. అడాప్టర్ ప్లగ్గు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో స్ప్రింగులనూ బ్యాటరీ బిళ్లలనూ తుడవాలి. మొండి మరకకు పెన్సిల్ రబ్బరు చాలు. ఇసుక కాగితంతో గీస్తే పైపూత పోయి చిలుము ఇంకా వేగంగా పడుతుంది. ఆల్కహాల్ ఆరాకే ప్లగ్గు పెట్టాలి.

అడాప్టర్ల మార్పిడి ఎక్కువ నష్టం తెస్తుంది. గుండ్రటి పిన్ సరిపోయినంత మాత్రాన వోల్టేజి సరిపోదు. యూవీ-5ఆర్ బేస్‌తో సాధారణంగా వచ్చేది 10 వోల్టుల అడాప్టర్, సెటాప్ బాక్సు దగ్గర దొరికేది 12 వోల్టులది కావచ్చు. లేబుల్ మీద వోల్టులు, ప్లస్ మైనస్ గుర్తులు రెండూ కలిస్తేనే గుచ్చాలి. యాంపియర్లు అసలు దానికన్నా ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ ఉండకూడదు. ఛార్జి పెట్టినప్పుడు సెట్ ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో ఉంటే ఎక్కే కరెంటులో కొంత అది తినేస్తూ ఉంటుంది, నిండిన గుర్తు ఆలస్యమవుతుంది. ఛార్జి ఎక్కుతుండగా పీటీటీ నొక్కకూడదు.

లోపాలు, సవరణ

లోపం వెతకడంలో పెద్ద సూత్రం ఒకటే: బాగున్న సెట్‌ను పక్కన పెట్టుకుని ఒక్కసారికి ఒక్క భాగమే మార్చి చూడాలి. బ్యాటరీలు మార్చుకున్నప్పుడు లోపం బ్యాటరీతోపాటు రెండో సెట్‌కు వెళ్తే దోషి బ్యాటరీ. సెట్‌తోనే ఉండిపోతే యాంటెన్నా మార్చి చూడాలి. ఆరు గూళ్ల ఛార్జరైతే అదే బ్యాటరీని పక్క గూటిలో పెట్టాలి. రెండు భాగాలు ఒకేసారి మారిస్తే ఏది బాగుపరిచిందో తెలియదు. సెట్లను పక్కపక్కనే పెట్టి పరీక్షించకూడదు. స్పీకరు శబ్దం ఎదుటి మైకులోకి వెళ్లి కీచుమంటుంది, దగ్గరి సిగ్నల్ తట్టుకోలేక మంచి సెట్ కూడా మాటను చెడగొడుతుంది. కనీసం వేర్వేరు గదుల్లోకి వెళ్లాలి.

ఛార్జర్ లైటు అసలు వెలగకపోతే ముందు గోడ సాకెట్‌ను వేరే వస్తువుతో చూడాలి. తర్వాత అడాప్టర్ కొసను మల్టీమీటరుతో కొలవాలి. అక్కడ కరెంటు ఉండి బేస్ వెలగకపోతే లోపం బేస్‌ది. చచ్చిన బ్యాటరీ పెట్టగానే పచ్చ లైటు వస్తే అది నిండిన గుర్తు కాదు. కాంటాక్టు తాకడం లేదు, లేదా బ్యాటరీ లోపలి రక్షణ మూసుకుపోయింది. అలాంటి బ్యాటరీకి తీగలు తగిలించి నేరుగా కరెంటు ఇచ్చి ‘లేపడం’ కొందరు చేస్తారు. అది మంటకు దారితీయవచ్చు. ఎన్ని గంటలైనా ఎరుపు మారకపోతే సెట్ ఆన్‌లో ఉండిపోయిందేమో చూడాలి, లేదంటే బ్యాటరీ వయసు అయిపోయినట్టు.

సెట్ ఆన్ అయి, పీటీటీ నొక్కగానే ఆరిపోతే బ్యాటరీ వీక్ అయింది. ఊరికే ఉన్నప్పుడు మీటరు మంచి వోల్టేజే చూపిస్తుంది, పంపే భారం మీద పడగానే కూలిపోతుంది.

ఎదుటివాళ్లు వినబడుతున్నారు గాని మన మాట వెళ్లడం లేదంటే ఎర్ర లైటు చూడాలి. అది వెలిగితే సెట్ పంపుతున్నట్టే. మనం పంపే టోన్ వాళ్లు వినే టోన్‌తో కలవలేదు, లేదా మైకు రంధ్రం దుమ్ముతో పూడింది. లైటు వెలగకపోతే ఛానెల్‌లో మరొకరు ఉండగా పంపనివ్వని సర్దుబాటు ఆన్‌లో ఉండవచ్చు, లేదా ఆ ఛానెల్ వినడానికి మాత్రమే నింపి ఉండవచ్చు. మన మాట వెళ్తోంది గాని మనకేమీ వినబడకపోతే వాల్యూమ్, స్క్వెల్చ్, వినే టోన్ ఆ వరుసలో చూడాలి. ఇయర్‌ఫోన్ రంధ్రంలో తడి చేరి, ఇయర్‌ఫోన్ ఉందనుకుని సెట్ స్పీకరు కట్టేయడమూ ఉంది.

ఒకసారి మాట్లాడాక జవాబు మరో గుంపుకు వెళ్తోందంటే రెండు ఛానెళ్లు వినే సర్దుబాటు కారణం. యూవీ-5ఆర్ మెనూలో టీడీఆర్ అనే 7వ నంబరు అంశం ఆన్‌లో ఉంటే, చివరగా మాట వచ్చిన ఛానెల్‌లో కొద్దిసేపు జవాబు వెళ్తుంది. కొత్తవాళ్లకు దాన్ని ఆఫ్ చేసి ఇవ్వడమే మంచిది. మీట నొక్కకుండానే సెట్ తనంతట తాను పంపుతుంటే గొంతు వినగానే పంపే వాక్స్ ఆన్‌లో ఉన్నట్టు. చుట్టూ గోల ఉన్నచోట అది పనికిరాదు. ఏదీ తేలకపోతే మెనూలో 40వ అంశం రీసెట్. అయితే నింపుకున్న ఛానెళ్లు దానితో పోవచ్చు కాబట్టి ముందే కాగితం మీద రాసుకోవాలి.

భద్రత

యాంటెన్నా బిగించకుండా పీటీటీ నొక్కితే శక్తి బయటికి పోయే దారి లేక పంపే భాగం కాలిపోవచ్చు. యాంటెన్నా పట్టుకుని సెట్ ఎత్తకూడదు. పెట్రోలు ఆవిరి, గ్యాసు, బొగ్గు ధూళి ఉన్నచోట మామూలు సెట్ వాడకూడదు, నిప్పురవ్వ పుట్టకుండా తయారుచేసి అనుమతి పొందిన ప్రత్యేక సెట్లే వాడాలి. క్వారీల్లో ఎలక్ట్రిక్ డిటొనేటర్ల దగ్గర రేడియో పంపితే తీగల్లో పుట్టే కరెంటుకు అవి పేలే ప్రమాదం ఉంది. విడి బ్యాటరీని తాళంచెవులున్న జేబులో వేస్తే బిళ్లలు కలిసి షార్టవుతుంది.

చట్టం

మన దేశంలో రేడియో తరంగాల కేటాయింపు చూసేది టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం. 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1933 వైర్‌లెస్ చట్టాల స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేశారు. లైసెన్సు లేకుండా తక్కువ శక్తి వాకీటాకీలకు 2018 నిబంధనలు వదిలింది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న చిన్న ముక్క. ఆ సెట్లకు కూడా పరికర ఆమోదం ఉండాలి. ఏ ఫ్రీక్వెన్సీకైనా తిరిగే యూవీ-5ఆర్ వంటివి ఈ మినహాయింపులోకి రావు. అనుమతి లేని వాకీటాకీలు ఆన్‌లైన్ అంగళ్లలో విచ్చలవిడిగా అమ్ముడుపోతుండడంతో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో వాటి అమ్మకంపై మార్గదర్శకాలు తెచ్చింది.

సొంత ఆసక్తితో రేడియో నడపాలనుకునేవారికి హ్యామ్ లైసెన్సు దారి. పన్నెండేళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు. 144–146, 434–438 మెగాహెర్ట్జ్ ముక్కల్లో చేతి సెట్‌తో మాట్లాడడానికి అనుమతి వస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో

రైళ్లలో లోకో పైలట్ దగ్గర, చివరి పెట్టెలోని ట్రైన్ మేనేజర్ దగ్గర 5 వాట్ల చేతి సెట్లు, స్టేషన్లో 25 వాట్ల సెట్టు ఉంటాయి. ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఆ మాటలు మనకూ వినబడతాయి. నల్లమల వంటి అడవుల్లో సెల్ సిగ్నల్ అందని చోట అటవీ సిబ్బందికి వైర్‌లెస్సే ఆధారం. మేడారం జాతరలోనూ హైదరాబాద్ గణేశ్ నిమజ్జనంలోనూ లక్షల మంది ఒకచోట చేరితే సెల్ నెట్‌వర్క్ మీద భారం పెరుగుతుంది. పోలీసు సెట్లకు ఆ బాధ లేదు. విశాఖ, కాకినాడ రేవుల నుంచి వెళ్లే మర పడవలకు సముద్రంలో 156.8 మెగాహెర్ట్జ్ మీదున్న 16వ ఛానెల్ ఆపద సమయంలో పిలిచే అంతర్జాతీయ ఛానెల్.

హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో హ్యామ్‌లకు శిక్షణ ఇస్తుంది. ఆ సంస్థ తరఫున ఒక బృందంతో అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేనాటికి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. ఆ బృందం దూర ప్రాంతాలకు అందే పెద్ద సెట్లతో వార్తలు చేరవేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు, సెల్ నెట్‌వర్క్ కూలిపోయాయి. టవరు అక్కర్లేని రేడియో విలువ అలాంటప్పుడే తెలుస్తుంది.

డిజిటల్ సెట్లు, సిమ్ సెట్లు

2005లో యూరప్ ప్రమాణంగా వచ్చిన డీఎంఆర్ పద్ధతిలో 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్‌ను రెండు సమయ ఖండాలుగా పంచి రెండు సంభాషణలు నడుపుతారు. హద్దు దాకా మాట స్పష్టంగా ఉంటుంది, హద్దు దాటగానే ఒక్కసారిగా తెగిపోతుంది. పాత ఎఫ్.ఎం. సెట్లో మాట పోతూ పోతూ ముందుగా గరగరతో హెచ్చరిస్తుంది.

వాకీటాకీ రూపంలో సిమ్ కార్డుతో పనిచేసే సెట్లు కూడా ఇప్పుడు అమ్ముతున్నారు. వాటితో హైదరాబాద్ నుంచి ఢిల్లీకైనా మాట్లాడవచ్చు. అయితే అవి సెల్ టవర్ల మీద ఆధారపడతాయి, టవరు పడిపోతే ఆ సెట్ కూడా మూగబోతుంది. రోజువారీ పనికి, దూరానికి సిమ్ సెట్ చాలు. తుపాను కంట్రోల్ రూములో, అడవి బేస్ క్యాంపులో, పడవ మీద మాత్రం ఒక సెట్ నుంచి మరో సెట్‌కు నేరుగా మాట అందాలి. అక్కడ పెట్టే సెట్లకు విడి బ్యాటరీలు, కరెంటు లేనప్పుడు వాహనం నుంచి నడిచే ఛార్జరు, ఛానెళ్ల పట్టిక రాసిన కాగితం కూడా సెట్‌తోపాటే కొని పెట్టాలి.